దవడ ఎముక చేతిలో పెట్టుకుని: ఓరల్ సర్జరీ ప్రిపరేషన్‌లో నా అనుభవం

మొదటిసారి డెంటల్ పీజీ ఎంట్రెన్స్ రాసి బయటికి వచ్చాక ఒక బిట్టు నన్ను వదల్లేదు. కింది రెండో మోలార్ (దవడ పన్ను) వేరు దగ్గర చీము పట్టింది, అది లోపలి వైపు ఎముకని తొలుచుకుని బయటికొచ్చింది, ఇన్ఫెక్షన్ ముందుగా, కండరాల మధ్య ఉండే ఖాళీల్లో, ఏ స్పేస్‌లోకి చేరుతుంది అని అడిగారు. నేను సబ్‌లింగ్వల్ (నాలుక కింద) అని పెట్టాను. సబ్‌మాండిబ్యులర్ (దవడ కింద) అని పెట్టాలి.

ఆ టాపిక్ నేను చదవలేదా అంటే నాలుగైదు సార్లు చదివాను. మైలోహయాయిడ్ (నోటి అడుగున పరుచుకున్న) కండరానికి పైన పగిలితే సబ్‌లింగ్వల్, కింద పగిలితే సబ్‌మాండిబ్యులర్ అన్న వాక్యం పుస్తకంలో ఏ పేజీలో ఏ మూల ఉందో కూడా గుర్తుంది. పసుపు మార్కర్‌తో గీసుకున్నాను. అయితే రెండో మోలార్ వేరు ఆ కండరానికి పైన ఉంటుందా, కింద ఉంటుందా అన్నది ఏనాడూ కళ్లతో చూసుకోలేదు. పరీక్షలో అడిగింది సరిగ్గా అదే.

ఆ సారి నాకు ర్యాంకు రాలేదు. రెండోసారి సీటు వచ్చింది. ఈ రెంటి మధ్య ఓరల్ సర్జరీని నేను ఎలా మళ్లీ మొదటి నుంచి చదువుకున్నానో రాస్తున్నాను. ఇప్పుడు ప్రిపేర్ అవుతున్నవాళ్లలో నాలాగే పేజీలు గుర్తుండి జవాబులు తప్పుతున్నవాళ్లు ఉంటారు కదా.

ఫలితాలొచ్చిన కొన్నాళ్లకి, ఫస్ట్ ఇయర్‌లో ఒక సీనియర్ దగ్గర తీసుకున్న బోన్ సెట్ బయటికి తీశాను. అనాటమీ పరీక్ష అయ్యాక ఆ పెట్టె మళ్లీ తెరిచింది లేదు. కింది దవడ ఎముకని ఎడమ చేతిలో పట్టుకుని, కుడి బొటనవేలితో లోపలి వైపు తడిమాను. జ్ఞాన దంతం దగ్గర మొదలై ముందుకి, కిందికి ఏటవాలుగా జారే ఒక గట్టు వేలికి తగిలింది. అదే మైలోహయాయిడ్ లైన్. వెనక మోలార్ల దగ్గర ఆ గట్టు పళ్ల అంచుకి చాలా దగ్గరగా, పైన ఉంటుంది. అందువల్ల రెండో, మూడో మోలార్ల వేళ్ల చివరలు దానికి కిందికి దిగిపోతాయి. ముందుకొచ్చే కొద్దీ గట్టు కిందికి జారుతుంది కాబట్టి ప్రీమోలార్ల వేళ్ల చివరలు దానికి పైనే ఆగుతాయి. మొదటి మోలార్ ఎక్కువగా పైనే ఉన్నా, అటూ ఇటూ కూడా పోవచ్చు.

ఇంతా చేస్తే రెండు నిమిషాలు పట్టలేదు. ఏడాది పాటు బట్టీ పట్టినా నిలవని విషయం బొటనవేలితో ఒక్కసారి తడిమితే నిలిచిపోయింది. ఆ సాయంత్రం ఆ ఎముకని చాలాసేపు కింద పెట్టలేదు. అది ఒకప్పుడు ఒక మనిషి ముఖం. ఆ గౌరవంతోనే పట్టుకుని, తెలిసిన ప్రతి పేరునీ దాని మీద వెతుక్కున్నాను. లింగ్యులా ఎక్కడ, మాండిబ్యులర్ ఫొరామెన్ (కింది దవడ నరం ఎముకలోకి దూరే రంధ్రం) ఎక్కడ, మెంటల్ ఫొరామెన్ ఏ పన్ను కింద, మెడియల్ టెరిగాయిడ్ (ఒక నమిలే కండరం) అంటుకునే గరుకు చోటు ఎక్కడ. అక్కడి నుంచి నా ప్రిపరేషన్ దారి మారింది.

మొదటిసారి నేను చదివిన పద్ధతి చెప్తే తేడా తెలుస్తుంది. పేర్లు, సంవత్సరాలు, వర్గీకరణలు అన్నీ ఒక నోట్‌బుక్‌లో వరసగా రాసుకుని, పడుకునే ముందు చదువుకునేదాన్ని. ఒక పేరు చెప్తే దాని పక్కన ఉన్న మాట టక్కున వచ్చేది. కానీ ప్రశ్న కాస్త తిప్పి అడిగితే, పేషెంట్ కథలాగా అడిగితే, చేతులెత్తేసేదాన్ని. రెండోసారి ఒక నియమం పెట్టుకున్నాను: ఏ వాక్యం చదివినా, ఎందుకు అన్నదానికి ఎముకలోనో కండరంలోనో నరంలోనో జవాబు దొరికేదాకా పక్కకి పోకూడదు. దీంతో మొదటి నెల చాలా మెల్లగా నడిచింది. నాతోపాటు చదివేవాళ్లు సబ్జెక్టు పూర్తి చేసి రివిజన్‌కి వెళ్తుంటే నేను ఇంకా లోకల్ అనస్తీషియాలోనే ఉన్నాను. టెన్షన్ ఉండేది. అయినా పద్ధతి మార్చలేదు.

లోకల్ అనస్తీషియాలో అంత కాలం ఉండడానికి ఒక కారణముంది. ఇంటర్న్‌షిప్‌లో జరిగిన ఒక సంగతి.

ఒకామెకి కింది మోలార్ తీయాలి. ఇన్‌ఫీరియర్ ఆల్వియోలార్ నర్వ్ బ్లాక్ (కింది దవడ నరానికి ఇచ్చే మత్తు) నేనే ఇచ్చాను. సూది లోపలికి పోయింది కానీ చివర ఎముక తగల్లేదు. ఇంకాస్త లోపలికి తోశాను, అప్పటికీ తగల్లేదు. తగలకపోయినా మందు వదిలేశాను. పది నిమిషాల తర్వాత పెదవి తిమ్మిరెక్కిందా అని అడిగితే లేదంది. ఆ మాట చెప్తుంటేనే చూశాను, ఆమె నోరు ఒక పక్కకి లాగుతోంది. కళ్లు మూసుకోమంటే ఒక కన్ను మూతపడలేదు. "డాక్టరమ్మా, నాకేమైంది?" అని ఆమె అడిగినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి.

సీనియర్ మేడమ్ వచ్చి చూసి, ఆమె పక్కన కూర్చుని, "ఏం భయం లేదమ్మా, మందు పక్క నరానికి తగిలింది, కొన్ని గంటల్లో దానంతట అదే తగ్గిపోతుంది" అని నెమ్మదిగా చెప్పారు. కన్ను ఆరిపోకుండా మూసి ప్యాడ్ పెట్టించారు. ఆ రోజు పన్ను తీయలేదు. సాయంత్రానికి ముఖం మామూలైంది. మేడమ్ నన్ను కేకలేయలేదు. "ఎముక తగలకుండా మందు వదలకు" అని ఒక్క మాటే అన్నారు.

ప్రిపరేషన్‌లో ఈ బిట్టు ఎదురైనప్పుడల్లా నాకు ఆమె ముఖమే కనిపించేది. ఎముక తగలలేదంటే సూది మొన బాగా వెనక్కి పోయి పెరోటిడ్ గ్రంథిలో (చెవి ముందున్న లాలాజల గ్రంథి) ఉందన్నమాట. ఫేషియల్ నరం ఆ గ్రంథి లోపలే కొమ్మలుగా చీలుతుంది కాబట్టి ముఖం వాలింది. మందు మాండిబ్యులర్ ఫొరామెన్ దగ్గర పడలేదు కాబట్టి పెదవి తిమ్మిరెక్కలేదు. రెండు వేర్వేరు బిట్లుగా అడిగే విషయాలు నిజానికి ఒకే తప్పుకి రెండు ముఖాలు. సరిదిద్దుకోవాలంటే సూదిని కొంచెం వెనక్కి తీసి, సిరంజి బ్యారెల్‌ని మోలార్ల వైపు జరిపి మళ్లీ పోవాలి. అదే ఎముక మరీ ముందుగానే తగిలితే, సూది మరీ ముందున ఉన్నట్టు. ఎముక చేతిలో పెట్టుకుని ఒక పెన్నుని సిరంజిలా పట్టుకుని ఇవన్నీ చేసి చూసుకున్నాను. సూది మెడియల్ టెరిగాయిడ్‌లోకి పోతే నోరు తెరుచుకోకపోవడం, పిల్లల్లో ఫొరామెన్ పళ్ల మట్టానికి కిందుగా ఉంటుంది కాబట్టి సూది ఇంకాస్త కిందికి పెట్టడం, ఇవన్నీ అలా చూసుకున్నవే.

లెక్కల సంగతీ చెప్పాలి. చాలామంది డోసు లెక్కలంటే వదిలేస్తారు, నేనూ మొదటిసారి వదిలేశాను. కూర్చుని చేస్తే అవి ఊరికే వచ్చే మార్కులు. 2% అంటే ఒక మి.లీ.లో 20 మి.గ్రా. మందు. 1.8 మి.లీ. కార్ట్రిడ్జ్ అయితే 36 మి.గ్రా. ఎడ్రినలిన్‌తో కలిపిన లిగ్నోకెయిన్ (మత్తు మందు) గరిష్ఠంగా కిలోకి 7 మి.గ్రా. లెక్కన, 50 కిలోల మనిషికి 350 మి.గ్రా., అంటే 17.5 మి.లీ. ఎడ్రినలిన్ 1:80000 అంటే మి.లీ.కి 0.0125 మి.గ్రా. గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఒక అపాయింట్‌మెంట్‌లో ఎడ్రినలిన్ 0.04 మి.గ్రా. దాటకూడదు కాబట్టి 3.2 మి.లీ. దగ్గర ఆగాలి. 1:100000 అయితే 4 మి.లీ., 1:200000 అయితే 8 మి.లీ. వారం రోజులు పొద్దున్నే ఇలాంటివి నాలుగైదు చేశాను. తర్వాత ఎప్పుడూ తప్పు పోలేదు.

ఒక్కో పుస్తకంలో ఒక్కో అంకె ఉండడం అందరినీ ఇబ్బంది పెట్టే విషయమే. ఎడ్రినలిన్‌తో ఉన్న లిగ్నోకెయిన్‌కి కూడా 4.4 మి.గ్రా. అని రాసిన పాత లెక్కలున్నాయి. నేను 7 పట్టుకుని, పాతది మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాను. ఆప్షన్లలో 7 లేకపోతే అప్పుడు 4.4 చూడాలి. ఏది నిజం అని రాత్రంతా వాదించుకోవడం కంటే ఇది నయం అనిపించింది.

చీము ఉన్న చోట మత్తు ఎందుకు సరిగా ఎక్కదు అన్నది క్లినిక్‌లో రోజూ చూసేదే. నరం పొరని దాటి లోపలికి పోగలిగేది మందులో విద్యుదావేశం లేని భాగం మాత్రమే. లిగ్నోకెయిన్ పీకేఏ (సగం మందు ఆవేశంతో, సగం ఆవేశం లేకుండా ఉండే పీహెచ్) 7.9. మామూలు కణజాలంలో పీహెచ్ 7.4 ఉంటే దాదాపు 24 శాతం ఆ రూపంలో దొరుకుతుంది. చీము వల్ల పీహెచ్ 6కి పడిపోయిందనుకుందాం, అప్పుడు ఒక శాతానికి కాస్త పైన అంతే. ఈ లెక్క నేనే వేసి చూసుకున్న రోజు, పేషెంట్ "ఇంకా నొప్పి తెలుస్తోంది డాక్టరమ్మా" అంటే విసుక్కోకూడదని గట్టిగా అనుకున్నాను. వాళ్లు చెప్పేది నిజం.

తర్వాత ఇంపాక్షన్, అంటే పన్ను బయటికి రాలేక ఎముకలో చిక్కుకుపోవడం. జ్ఞాన దంతాల మీద ప్రశ్న లేని పేపర్ నేను చూడలేదు. వింటర్స్ లైన్స్ అని మూడు గీతలుంటాయి, తెలుపు, అంబర్, ఎరుపు. మొదటిసారి వాటిని నిర్వచనాలుగా చదివాను. రెండోసారి డిపార్ట్‌మెంట్‌లో పనికిరాక పక్కన పడేసిన ఎక్స్‌రేలు అడిగి తెచ్చుకుని, మీద పారదర్శకమైన షీటు పరిచి, మూడు రంగుల పెన్నులతో గీశాను. తెల్ల గీతకి బదులు నీలం వాడాను. మోలార్ల కొరుకుడు తలాల వెంట వెనక్కి గీస్తే మొదటిది. జ్ఞాన దంతం వెనక ఉన్న ఎముక నుంచి, మొదటి, రెండో మోలార్ల మధ్య ఎముక శిఖరం దాకా గీస్తే అంబర్. ఆ అంబర్ గీత నుంచి ఎలివేటర్ (పన్నుని పైకి లేపే పరికరం) పెట్టే చోటుకి నిలువుగా దింపితే ఎరుపు. మొదటి రెండు ఎక్స్‌రేల మీద అంబర్ గీతని చిగురు మట్టం అనుకుని పైనే గీసేశాను. అది ఎముక మట్టమని అప్పుడు అర్థమైంది. చిగురు కోసి తెరిస్తే పన్ను ఎంత కనిపిస్తుందో, ఎంత ఎముకలో మునిగి ఉందో చెప్పేది ఆ గీతే. ఎరుపు గీత 5 మి.మీ. దాటిందంటే పని కష్టమని, ఆ తర్వాత పెరిగే ఒక్కో మి.మీ.కీ కష్టం చాలా రెట్లు పెరుగుతుందని పుస్తకం చెప్తుంది. డిస్టో యాంగ్యులర్ (వెనక్కి వాలిన పన్ను) అయితే ఎరుపు గీతని వెనక వైపు దింపాలి, దీని మీదే బిట్టు ఇస్తారు.

కింది దవడలో అన్నిటికన్నా తేలిక మీసియో యాంగ్యులర్ (ముందుకి వాలినది), అన్నిటికన్నా కష్టం డిస్టో యాంగ్యులర్. పై దవడలో ఇది తలకిందులు. ఇది కూడా నేను చాలాసార్లు తప్పిన బిట్టే. ఎముక చూస్తే తికమక పోయింది. కింది పన్ను వెనక్కి వాలితే అది బయటికి రావాల్సిన దారికి అడ్డంగా రేమస్ (దవడ వెనక నిలువు భాగం) గోడలా నిలబడి ఉంది. పై దవడలో వెనక్కి వాలితే వెనకున్నది ట్యూబరాసిటీ, పలచటి ఎముక. అదే ముందుకి వాలితే రెండో మోలార్ అడ్డం, వెనక ఎముక తీయాలంటే చెయ్యి చేరదు. పని ఎంత కష్టమో అంకెల్లో చెప్పే పెడర్సన్ స్కోరులో మీసియో యాంగ్యులర్‌కి 1, హారిజాంటల్‌కి 2, వర్టికల్‌కి 3, డిస్టో యాంగ్యులర్‌కి 4 ఎందుకిచ్చారో కూడా ఇక వేరేగా గుర్తుపెట్టుకోనక్కర్లేకపోయింది. దానికి లోతు, రేమస్ దగ్గర చోటు కలిపితే మొత్తం 3 నుంచి 10 దాకా వస్తుంది. అయితే ఈ స్కోరు కింది జ్ఞాన దంతానికే.

నరానికి దగ్గరగా ఉందా లేదా అన్నదానికి రూడ్, షెహాబ్ 1990లో చెప్పిన ఏడు గుర్తులున్నాయి. ఏడూ చదవాలి. వాటిలో వేరు నల్లబడడం, కెనాల్ (నరం నడిచే గొట్టం) తెల్ల గీత తెగిపోవడం, కెనాల్ పక్కకి మళ్లడం, ఈ మూడు కనిపిస్తే చెయ్యి పెట్టేముందు ఆగి ఆలోచించాలి.

డ్రై సాకెట్ గురించి ఎక్కువ రాయను. పన్ను తీసిన మూడో నాలుగో రోజున చెవి దాకా పాకే నొప్పితో వస్తారు, రంధ్రంలో రక్తపు గడ్డ ఉండదు, ఎముక బోసిగా కనిపిస్తుంది. గడ్డ కరిగిపోవడమే కారణమని బిర్న్ చెప్పిన ఫైబ్రినోలిటిక్ సిద్ధాంతం. కడిగి, నొప్పి తగ్గించే డ్రెస్సింగ్ పెట్టాలి. గీకకూడదు. "క్యూరెట్ చేయాలి" అన్న ఆప్షన్ ఎప్పుడూ ఊరిస్తుంది. చెయ్యి పెట్టి శుభ్రం చేయాలన్న మన ఆత్రానికి తగ్గ ఆప్షన్ అది.

పై మొదటి మోలార్ తీసినప్పుడు దాని పైనున్న గాలి గదిలోకి, అంటే సైనస్‌లోకి రంధ్రం పడితే దాని సైజు బట్టి ఏం చేయాలో మారుతుంది. 2 మి.మీ. లోపు అయితే జాగ్రత్తలు చెప్పి వదిలేయొచ్చు, 2 నుంచి 6 మి.మీ. అయితే గడ్డ నిలిచేలా ఎనిమిది అంకె కుట్టు, 7 లేదా అంతకు మించితే ఫ్లాప్ (పక్క నుంచి మెత్తటి పొరని తెచ్చి కప్పడం). బుగ్గ వైపు నుంచి లాగేది రేర్‌మన్ ఫ్లాప్, అంగిలి నుంచి తిప్పేది యాష్లే ఫ్లాప్. అంగిలి ఫ్లాప్‌కి గ్రేటర్ పాలటైన్ ధమని రక్తం ఇస్తుంది. బుగ్గ ఫ్లాప్ వేస్తే వెస్టిబ్యూల్ (బుగ్గకీ చిగురుకీ మధ్య గాడి) లోతు తగ్గుతుంది. ఈ రెండు పేర్లు నాకు ఎప్పుడూ కలిసిపోయేవి. పేరుని కాకుండా, ఏది లాగితే ఏం పోతుందో గుర్తుపెట్టుకున్నాక కలవడం మానేశాయి.

స్పేస్ ఇన్ఫెక్షన్లు నా ఫ్రెండ్‌తో ఫోన్‌లో చదివాను. రోజూ రాత్రి అరగంట, ఒకరు డాక్టరు, ఒకరు పేషెంటు పక్కన వచ్చినవాళ్లు. "రెండు వైపులా గడ్డం కింద చెక్కలా గట్టిగా వాచింది, నాలుక పైకి లేచింది, మింగలేకపోతున్నాడు, ఏం చేస్తావ్?" అని అది అడిగింది ఒకసారి. నేను లడ్విగ్స్ ఆంజైనా అని గుర్తుపట్టేసిన సంతోషంలో ఏ స్పేస్‌లు, ఏ యాంటీబయాటిక్, ఎక్కడ కోయాలి అని గబగబా చెప్పుకుపోయాను. అంతా విని, "ఈపాటికి ఊపిరాడక పోయాడే" అంది. "ముందు ఎయిర్‌వే కదే!"

ఆ మాట నన్ను గట్టిగా తాకింది. 1836లో లడ్విగ్ వర్ణించిన జబ్బు అది. రెండు వైపులా సబ్‌మాండిబ్యులర్, సబ్‌లింగ్వల్, మధ్యలో సబ్‌మెంటల్ అని నేను ఎన్నోసార్లు రాశాను. కానీ నాలుకని పైకి, వెనక్కి నెట్టేసి శ్వాస ఆపేస్తుంది కాబట్టే అది ప్రాణం తీస్తుందన్నది నా జవాబులో రాలేదు. అప్పటి నుంచి ఎమర్జెన్సీ ప్రశ్న ఏది చదివినా, ఆప్షన్లు చూడకముందే ఈ మనిషి ఊపిరి పీలుస్తున్నాడా అని నన్ను నేను అడుగుతాను. పరీక్ష కోసం మొదలైన అలవాటు, ఇప్పుడు డ్యూటీలోనూ ఉంది.

కావెర్నస్ సైనస్ త్రాంబోసిస్‌లో (మెదడు అడుగున ఉన్న సిరల గదిలో రక్తం గడ్డ కట్టడం) మొదట దెబ్బతినేది ఆరో నరం. కారణం తెలిస్తే మర్చిపోలేం: మూడు, నాలుగు, ఐదో నరం కొమ్మలు సైనస్ పక్క గోడలో భద్రంగా ఉంటాయి, ఆరోది మాత్రం సైనస్ లోపలే, కెరోటిడ్ ధమని పక్కన పోతుంది. పేషెంట్ కన్ను బయటి వైపుకి తిరగదు.

ట్రామాకి (దెబ్బలు, ఫ్రాక్చర్లు) వచ్చేసరికి నాకు బాగా ఇష్టం పుట్టింది. పుర్రె బొమ్మ జిరాక్స్ కాపీలు పది తీయించుకుని, లె ఫోర్ట్ గీతలు చూడకుండా గీయడం అలవాటు చేసుకున్నాను. రెనే లె ఫోర్ట్ 1901లో మృతదేహాల మీద ప్రయోగాలు చేసి ముఖం ఎముకలు విరిగే ఈ మూడు బలహీనమైన దారులని చెప్పాడు. ఒకటోది పళ్ల వేళ్లకి పైన అడ్డంగా, పై దవడ మొత్తం ఊగుతుంది. రెండోది పిరమిడ్ ఆకారంలో, ముక్కు ఎముకల మీదుగా, కంటి గుంట అంచు మీదుగా. మూడోది ముఖాన్నే తల నుంచి విడదీస్తుంది. మూడింట్లోనూ వెనక టెరిగాయిడ్ ప్లేట్లు విరుగుతాయి. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేది అన్న ప్రశ్నకి గీత గీస్తుంటేనే జవాబు దొరుకుతుంది, ఎందుకంటే పెన్ను ప్రతిసారీ అక్కడే ఆగుతుంది.

కాండైల్ (దవడ కీలు దగ్గరి గుండు) విరిగితే నోరు తెరిచినప్పుడు గడ్డం విరిగిన వైపుకే పోతుంది. దీన్ని అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. గడ్డాన్ని ఎడమకి తీసుకెళ్లేది కుడి లేటరల్ టెరిగాయిడ్. ఎడమ కాండైల్ విరిగితే ఆ వైపు కండరం దవడని ముందుకి లాగలేదు, కుడిది ఒక్కటే లాగుతుంది, గడ్డం ఎడమకి తిరుగుతుంది. నాలుగుసార్లు అటూ ఇటూ జరిపి చూసుకుంటే చాలు.

జైగోమా ఆర్చ్‌ని (చెంప ఎముక కమాను) పైకెత్తే గిల్లీస్ పద్ధతి కూడా ఇలాంటిదే. కణత మీద వెంట్రుకల్లో కోసి, టెంపొరల్ ఫేషియాకి (కండరాన్ని కప్పే పొర) కింద, టెంపొరాలిస్ కండరానికి పైన ఎలివేటర్ పోనివ్వాలి. అక్కడే ఎందుకంటే ఫేషియా ఆర్చ్‌కి అతుక్కుని ఆగిపోతుంది, కండరం ఆర్చ్ కింది నుంచి దూరి కరోనాయిడ్ దాకా పోతుంది. ఆ రెంటి మధ్య జారిన పరికరం తనంతట తాను ఆర్చ్ కిందికే చేరుతుంది. ఈ దారి వెతికి పట్టినవాళ్ల తెలివికి దణ్ణం పెట్టాలనిపించింది.

జారిన దవడని కూర్చోబెట్టడం, మినీ ప్లేట్లకి చాంపీ గీతలు, కెరటోసిస్ట్‌కి కార్నాయ్స్ ద్రావణం, ట్రైజెమినల్ న్యూరాల్జియాకి కార్బమజెపైన్, ఎనిమిది వారాలు దాటినా మానని బోసి ఎముక, ఇవన్నీ ఇదే తీరులో చదివాను. జారిన దవడని ముందు కిందికి, తర్వాత వెనక్కి నెట్టాలి. కాండైల్ ఎమినెన్స్‌కి ముందు చిక్కుకుని ఉంటుంది, ఆ దిబ్బ దాటకుండా వెనక్కి రాదు. అన్నిటికీ ఇలా కారణం దొరకలేదు. కార్నాయ్స్ ద్రావణంలో ఆల్కహాల్ 6 మి.లీ., క్లోరోఫాం 3, గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్ 1, ఫెర్రిక్ క్లోరైడ్ 1 గ్రాము అన్నది బట్టీ పట్టాల్సిందే. గ్లాస్గో కోమా స్కేల్ అంకెలూ అంతే, కన్ను 4, మాట 5, కదలిక 6, ఎంత తక్కువైనా 3 కంటే దిగదు. ఇలాంటివన్నీ ఒక పెద్ద కాగితం మీద రాసి చివరి రెండు వారాలకి ఉంచుకున్నాను. పేర్లూ సంవత్సరాలతోనే సబ్జెక్టు మొదలుపెట్టడం నా దృష్టిలో తప్పు. ముందు చదివినవి పరీక్ష నాటికి ఎలాగూ ఉండవు.

పరికరాల విషయంలో మాత్రం నేను అదృష్టవంతురాలిని. ఇంటర్న్‌షిప్‌లో స్టెరిలైజేషన్ గదిలో ట్రేలు సర్దిన సిస్టర్ ప్రతి పరికరం చేతికిచ్చి పేరు చెప్పేది. క్రయర్ ఎలివేటర్ త్రికోణపు మొన నా అరచేతిలో ఇప్పటికీ గుర్తుంది. కింది మోలార్‌లో ఒక వేరు వచ్చేసి రెండోది లోపల మిగిలితే, ఖాళీ అయిన గుంటలో ఆ మొన పెట్టి తిప్పుతాం, చక్రమూ ఇరుసూ సూత్రం. ఫొటో చూపించి అడిగే ప్రశ్నల్లో నాకు చేతి గుర్తే పనికొచ్చింది.

ఇక తప్పుల పుస్తకం. మాక్ టెస్ట్ రాసిన ప్రతిసారీ, పోయిన ప్రతి బిట్టు పక్కనా ఎందుకు పోయిందో ఒక్క మాటలో రాశాను. తెలియదు, లేదా తెలిసీ కలిసిపోయింది, లేదా ప్రశ్న సరిగా చదవలేదు. రెండు నెలలయ్యాక తిరగేస్తే తెలియక పోయినవి నేననుకున్నంత లేవు. ఎక్కువ చోట్ల "తెలిసీ కలిసిపోయింది" అనే ఉంది. కొత్త పుస్తకాలు కొనాలన్న ఆలోచన ఆ రోజుతో మానుకున్నాను. కలిసిపోయే వాటిని పక్కపక్కన పెట్టి తేడా చూసుకోవడమే నా రివిజన్ అయింది.

రెండోసారి పరీక్షలో కింది దవడ యాంగిల్ దగ్గర ఫ్రాక్చర్ మీద ఒక బిట్టు వచ్చింది. వర్టికల్లీ అన్‌ఫేవరబుల్ అయితే వెనక ముక్క ఎటు పోతుంది, ఏ కండరం వల్ల అని. వర్టికల్ అన్న మాట చూడగానే పైకి అనుకున్నాను. మాసెటర్ పెట్టి ముందుకి పోయాను. బయటికి వచ్చి మెట్లు దిగుతుండగా అనుమానం మొదలైంది.

ఇంటికి చేరగానే చెప్పులు విప్పి నేరుగా పెట్టె దగ్గరికే వెళ్లాను. ఎముక తీసి పైనుంచి చూశాను. ఆ పేరు ముక్క కదిలే దిక్కుకి పెట్టింది కాదు, గీతని ఎటు నుంచి చూస్తున్నామో దానికి పెట్టింది. పైనుంచి చూస్తే ముక్క లోపలికి, నాలుక వైపుకి జారుతుంది. యాంగిల్ లోపలి వైపు వేలు పెడితే మెడియల్ టెరిగాయిడ్ అంటుకునే గరుకు చోటు సరిగ్గా అక్కడే ఉంది. ఆ చోటు నేను వంద సార్లు తడిమి ఉంటాను.

ఇంకో పరీక్ష లేదని తెలిసినా తప్పుల పుస్తకం తీశాను. చివరి పేజీలో తేదీ వేసి, ఆ బిట్టు రాసి, పక్కన "తెలిసీ కలిసిపోయింది" అని రాశాను.